పీరుకిచ్చిన చెయ్యి

నడివేసవిలో రాయలసీమకు పోయి వచ్చానంటే మా తెనాలి వాళ్ళు ఇప్పటికీ నన్ను ఎగాదిగా చూస్తారు. "ఆ ఎండల్లో నీకేం పనయ్యా?" అని అడుగుతారు. పని ఉండే పోయాను. బంతి విసరడం నేర్పే పని.

నేను బళ్ళో డ్రిల్లు మాస్టర్ని. మద్రాసులో కసరత్తు చదువు చదివే రోజుల్లో ఒక అమెరికా దొర మాకు బేసుబాలు అనే ఆట నేర్పాడు. క్రికెట్టు చూసినవాళ్ళకు ఒక్క ముక్కలో చెబుతాను. కొట్టేవాడి చేతిలో గుండ్రటి దుడ్డుకర్ర ఉంటుంది. విసిరేవాడు బంతిని నేలకు తగలనివ్వకుండా, చెయ్యి తలమీదుగా తిప్పి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి విసరాలి. ఆటంతా వాడి భుజం మీదే నడుస్తుంది. మా జట్టులో ఆ విసిరేవాణ్ణి నేనే. నాకన్నా బాగా విసిరినవాడు మా కాలేజీలో లేడు. ఉన్నాడని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఒక ఏడు నా భుజం బిగుసుకుపోయింది. తల దువ్వుకోవడానికి కూడా చెయ్యి లేవలేదు. దొర నన్ను గోడ దగ్గర నిలబెట్టి, భుజాన్ని సాగదీసే విద్య ఓపిగ్గా నేర్పి ఆ చెయ్యి నాకు మళ్ళీ ఇచ్చాడు. అప్పటినుంచి తెల్లారగానే, కాఫీ కంటే ముందు, భుజాలు సాగదీయనిదే నాకు పొద్దు గడవదు. మా ఆవిడ దానికి సంధ్యావందనం అని పేరు పెట్టింది.

కర్నూల్లో ఒక బడివాళ్ళూ, కడపలో ఒక బడివాళ్ళూ సెలవుల్లో వచ్చి ఆ ఆట తమ పిల్లలకు నేర్పమన్నారు. ఎండకు జడిసి మానుకునే మనిషిని కాను. ఖాకీ నిక్కరు, రెండు బంతులు, ఒక దుడ్డుకర్ర మూటగట్టుకుని రైలెక్కాను.

కర్నూలు

తుంగభద్ర పేరు విని మా కృష్ణ లాంటి నదిని చూస్తానని ఆశపడ్డాను. నేను పోయేసరికి కంటికి ఆనినంత మేరా ఇసక, మధ్యలో మోకాలి లోతు పాయ. ఆడవాళ్ళు ఇసకలో చెలమ తోడి, నీళ్ళు ఊరేదాకా కూర్చుని, ముంతతో ముంచి కడవల్లో పోసుకుంటున్నారు. మా వైపు కాలవలో కాళ్ళు కడుక్కుని తర్వాత ముంచుకుంటాం. ఇక్కడ అలా చేస్తే తన్నులు తప్పవు.

ఈ ఊరి పిల్లల చేతులు మహా గట్టివి. రాయి విసిరి చింతకాయ రాల్చమంటే ఒక్క దెబ్బకే రాలుస్తారు. చెయ్యి తలమీదుగా పోనివ్వమంటే మాత్రం భుజం రాదు. మోచెయ్యి పైకెత్తి, అరచెయ్యి వీపు మీదికి జార్చి, రెండో చేత్తో మోచేతిని నిమ్మళంగా వెనక్కి నొక్కమని చూపించాను. వెనక వరసలో ఒకడు కిసుక్కున నవ్వాడు. "సార్, మా నాయన ఈపు గోక్కునేది ఇట్లనే!" అన్నాడు. మీ నాయన మంచి ఆటగాడయ్యేవాడురా అన్నాను. సాయంత్రానికి వాళ్ళ బంతులు మైదానం దాటాయి.

మర్నాడు పొద్దున ఒక అవ్వ కొట్టు దగ్గర ఉగ్గాని తిన్నాను. మరమరాలను ఇక్కడ బొరుగులంటారు. వాటిని నీళ్ళలో తడిపి, పిండి, ఉల్లిగడ్డ పోపులో వేసి, పైన పుట్నాల పొడి చల్లుతారు. పక్కన వేడివేడి మిరపకాయ బజ్జీ. ఇంతా కలిపి అర్ధణా. మా ఊళ్ళో అర్ధణాకు ఇడ్లీ ఇచ్చి, చట్నీకి మొహం చిట్లిస్తారు.

రెండో పొట్లం చెప్పబోతుండగా అవ్వ గొంతు ఉరిమింది.

"ఏమప్పా! ఎడం చేత్తో తింటాండావు, సిగ్గు ల్యాదా? పొద్దున్నే నా కొట్టుకాడ ఇదేం పాడు పని!"

తిరిగి చూశాను. నలభై ఏళ్ళ రైతు, బలిష్ఠమైన మనిషి, తలకు ఎర్ర తుండు. కుడిచెయ్యి పచ్చబట్టతో రొమ్ముకు కట్టేసి ఉంది. ఎడం చేతిలో ఉగ్గాని పట్టుకుని తల దించుకున్నాడు.

"ఏం చేసేది అవ్వా," అన్నాడు. "కుడిచెయ్యి నాది కాదు."

ఆ మాట విన్నాక నేను ఊరుకోగలనా? పోయి పక్కన కూర్చున్నాను. విరిగిందా అని అడిగాను. లేదన్నాడు. పేరు ఓబన్న. రాయచోటి పక్కన ఒక పల్లె.

"మా ఊర్లో పెద్దపీరును ఎత్తేది మా ఇంటోల్లు," అని చెప్పుకొచ్చాడు. "మా జేజినాయన కాలం నుంచి. పోయినేడు పదోనాడు పీరు నా చేతిలో ఊగి పక్కకు వాలింది. ఊరంతా కెవ్వుమనె. ఎందుకు వాలిందంటావు? ఆ పొద్దంతా కపిల తోలినా. ఎద్దుల్ని ఎనక్కి మళ్ళేసి మళ్ళేసి చెయ్యి పీకుతాండె. అలిసిన చెయ్యి పీరుకు పెట్టినా కదా అని నా కడుపు కాలిపోయె. ఆ పొద్దే మొక్కుకున్నా. మల్ల పండగ దాకా ఈ చెయ్యి ఇంకే పనికీ పెట్టను, ఏదీ పట్టుకోను అని. ఇది పీరుకిచ్చిన చెయ్యి."

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. పీరంటే పొడుగాటి కర్రకు అమర్చిన లోహపు హస్తం. మొహర్రం నెలలో దానికి రంగురంగుల బట్టలు చుట్టి ఊరేగిస్తారు. పీర్ల చావిడి చూసుకునేది ముజావరు అనే సాయిబు. మా పేటలో పీర్లను ఎత్తేదీ సాయిబులే. ఈ సీమలో రెడ్లూ బోయలూ అందరూ ఎత్తుతారు, వంశాల వారీగా. ఓబన్న బావి నుంచి నీళ్ళు తోడే కపిల పని మానేశాడు, కొడవలి మానేశాడు, చివరకు అన్నం కూడా ఆ చేత్తో తినడం మానేశాడు.

"మరి కర్నూలుకెందుకు వచ్చావు?"

అతను పచ్చబట్ట విప్పాడు. చెయ్యి ముందుకెత్తబోయాడు. రొమ్ము దాకా వచ్చి ఆగిపోయింది. మొహమంతా చెమట పట్టింది.

"ఇట్లుండాది. ఈడ హకీము నూనె ఇచ్చినాడు. మొన్న నెలవంక కూడా కనపడె. పదోనాటికి లేవకుంటే పెద్దపీరు ఇంగో ఇంటికి పోతాది. పోతే పోనీలే అనేకి అది పొలం కాదు కదప్పా. మా జేజినాయన కాడ్నుంచి పట్టినది నాతో తెగిపోతాది."

అంతటి మనిషి అవ్వ కొట్టు ముందు, నలుగురి మధ్య, తుండుతో కళ్ళు ఒత్తుకున్నాడు.

భుజం పట్టి చూశాను. ఇదివరకు నా భుజం ఎలా పట్టేసిందో ఇదీ అలాగే ఉంది. ఎముక బాగుంది. కండ చిక్కింది, కీలు బిగుసుకుంది. "దీనికి రోగం లేదు ఓబన్నా," అన్నాను. "కదలక పట్టేసింది. పదోనాటికి నీ చెయ్యి చెవి దాటి పైకి లేస్తుంది. నాదీ పూచీ."

"నువ్వు డాక్టరువా?"

"బంతి విసిరేవాణ్ణి."

అతను నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "బంతులాటకూ పీరుకూ ఏం సమ్మందమప్పా?" అన్నాడు. ఇద్దరం కడపకే పోవాలి కాబట్టి రైల్లో చెబుతాను పదమన్నాను. ఒక్క షరతు పెట్టాడు. ఆ చెయ్యి దేన్నీ పట్టుకోదు, పని చేయదు. సాగదీయడం పని కాదని నేను ఖచ్చితంగా చెప్పాను. నా గొంతులో అనుమానం లేకపోవడం చూసి ఒప్పుకున్నాడు.

గుంతకల్లు

గుంతకల్లులో బండి మారాలి. కడప బండి కోసం ఎంతసేపు కాచుకున్నామో అడగకండి. ఆ ప్లాట్‌ఫారమ్ మీద రేకుల కింద కూర్చుంటే మనిషి ఉడికిపోతాడు. అంత తీరిక ఎందుకు పోగొట్టాలని ఓబన్న చేత సాధన మొదలుపెట్టించాను.

ముందు నడుం వంచి, చెయ్యి వదులుగా వేలాడేసి, బావిలో చేద ఊగినట్టు ఊపాలి. బలం పెట్టకూడదు. చెయ్యి బరువే కీలును లాగుతుంది. తర్వాత ఎడం చేత్తో కుడి మోచేతిని పట్టుకుని రొమ్ముకు అడ్డంగా లాగాలి. ఆఖరికి స్తంభం ముందు నిలబడి, వేళ్ళను సాలెపురుగులా పైకి పాకించాలి. వేళ్ళు ఆగినచోట నేను బొగ్గుముక్కతో గీత పెట్టాను. ఇంకొంచెం అన్నాను. ఓబన్న పళ్ళు బిగించి "అమ్మా!" అని పొలికేక పెట్టాడు.

అంతే. వెనకనుంచి ఎవరో నా చొక్కా కాలరు పట్టి లాగారు. శనగల మూటలతో కూర్చున్న వర్తకుడు. అతని వెనక ఇంకో నలుగురు.

"ఏమయ్యా పోలీసూ! రైతు ఏం చేసినాడని చెయ్యి ఇరుస్తాండావు? అడిగేవాళ్ళు ల్యారనుకున్నావా?"

నా ఖాకీ నిక్కరు కొంప ముంచింది. పోలీసును కాదు మహాప్రభో, డ్రిల్లు మాస్టర్ని అంటే ఎవరూ వినరే! "స్తంభం మీద ఆ గీతలేంది, దండన లెక్కా?" అని ఒకామె నిలదీసింది. రైల్వేవాడు వచ్చి స్తంభం పాడుచేశానని ఇంకో కేసు పెట్టేలా ఉన్నాడు. ఓబన్న గస తీర్చుకుని, "వదలండప్పా, ఈయన నాకు మేలు చేస్తాండాడు" అనేసరికి నా కాలరు వదిలారు. ఊడిన బొత్తాం మాత్రం దొరకలేదు.

నన్ను నిలదీసిన ఆ ఆదోని ఆడమనిషికి నా మీద జాలేసింది కాబోలు, మూట విప్పి మా ఇద్దరికీ చెరొక జొన్నరొట్టె, దాని మీద చెనిక్కాయల పొడి, అదే మా వేరుశనగ పొడి, పెట్టింది. జేబులో చెయ్యి పెట్టబోతే కసిరింది. "దుడ్లు ఎందుకప్పా, తిను. కొట్టించుకుంటివి కదా." ఆ రొట్టె చల్లారినా అట్ట ముక్కలా కాలేదు. పల్చగా, అంచుదాకా మెత్తగా ఉంది. మా ఇళ్ళల్లో జొన్నన్నం తినేవాణ్ణి బీదవాడంటారు. ఆ రొట్టె తిన్నాక ఆ మాట నా నోట రాదు.

రైలు ఎక్కేముందు ఓబన్న మళ్ళీ ఒకసారి స్తంభం దగ్గరకు పోయాడు. వేళ్ళు నా బొగ్గు గీత దాటాయి. నాకు తెలుసు దాటుతాయని. అయినా ఒళ్ళు పులకరించింది.

కడప

చుట్టూ కొండలు, మధ్యలో ఊరు. పగటి వేడి కొండలకు తగిలి రాత్రంతా మనమీదికే తిరిగి వస్తుంది. బడి మైదానం చివర వేపచెట్టు కింద ఓబన్న కూర్చునేవాడు. నేను ఎండలో పిల్లలతో కేకలు వేసేవాణ్ణి. వాళ్ళు దుడ్డుకర్రను బిళ్ళంగోడు కర్రలా ఒంటిచేత్తో పట్టుకుంటారు, బంతి కొట్టి పరుగెత్తమంటే బంతి వెనకే పరుగెత్తుతారు. అయినా రెండు రోజుల్లో ఆట పట్టేశారు. కడప పిల్లలకు చెబితే చాలు, చెయ్యి చూపించనక్కరలేదు.

ఇక్కడ నాకొక పరాభవం జరిగింది, దాచను. కారం దోసె అమ్మే ఆయన, "కొత్తోళ్ళకు రొంత తక్కువ పూస్తా సామీ" అన్నాడు. మేం గుంటూరు మిరపకాయల వాళ్ళం, నిండా పూయవయ్యా అన్నాను. ఎర్రకారం నిండా పూసి ఇచ్చాడు. రెండో ముక్కకే కళ్ళవెంట నీళ్ళు ధారకట్టాయి. ఓబన్న తన కష్టం మరిచిపోయి పగలబడి నవ్వాడు. ఆయన దోసెకు కాణీ తక్కువ తీసుకున్నాడు, నవ్వుకు ఇది చాల్లే అని.

సాయంత్రం పందెం పెట్టారు. నేను విసరడానికి ముందు చాలాసేపు భుజాలు సాగదీసుకున్నాను. ఓబన్న కళ్ళార్పకుండా చూస్తూ ఉన్నాడు. ఆట అయ్యాక మెల్లిగా అడిగాడు.

"అయ్యోరా, నువ్వు బంతి ఇసిరేది రొంత సేపు. భుజం ఆడించేది అంతకంటే ఎక్కువ సేపుండాదే?"

"విసరని రోజున కూడా ఆడిస్తాను. విశ్రాంతి ఇవ్వాల్సిందే, కానీ కట్టిపెడితే కీలు బిగుస్తుంది."

అతని మొహం పాలిపోయింది. "అంటే నేను ఏడాది పొడుగునా పూజ అనుకొని చేసింది పాపమా?"

పాపం కాదన్నాను. చేతిని శుభ్రంగా దాచావు, ఆడించకుండా దాచావు, అదే చిక్కు అన్నాను. ఆ పూట అతను అన్నం ముట్టలేదు. నేను అనవసరంగా నోరు జారానేమోనని మనసు పీకింది. తెల్లవారి లేచేసరికి అతను నాకంటే ముందే బడి గోడ దగ్గర నిలబడి వేళ్ళు పాకిస్తున్నాడు. వేళ్ళు నుదుటి ఎత్తు దాటాయి.

అప్పుడు అసలు తంటా వచ్చింది. చెయ్యి లేస్తే చాలదు, పీరును మొయ్యాలి. బరువు పట్టుకుని అలవాటు చేసుకోమని బంతి చేతిలో పెట్టబోయాను. పిడికిలి మూసేశాడు.

"పట్టుకోను. మొక్కు."

"చేతికి బలం లేకపోతే మొదటి అడుగులోనే వాలుతుందయ్యా!"

"వాలితే వాలనీ. మాట మాటే."

నాకు ఒళ్ళు మండింది. ఇంత మొండిఘటాన్ని నా జన్మలో చూడలేదని మొహానే అనేశాను. అతను చల్లగా, "నేనూ నీయట్లాటోన్ని చూల్యా" అన్నాడు. ఇద్దరం నవ్వేశాం. కడప బడివాళ్ళ పని అయిపోయింది, నేను తెనాలి బండి ఎక్కవచ్చు. కానీ పూచీ పడ్డ మనిషిని మధ్యలో వదిలిపోతే నిద్ర పడుతుందా? రాయచోటి బస్సెక్కాను.

రాయచోటి పక్కన పల్లె

బస్సులో మనుషులకంటే మేకలు ఎక్కువ. ఒక మేక నా టోపీ అంచు కొరుకుతుంటే దాని యజమాని, "తింటే తిననీలే సామీ, దానికీ ఆకలే" అన్నాడు. దారి పొడుగునా గుండ్రాళ్ళు, కంపచెట్లు, అక్కడక్కడ బావి పక్కన చిన్న పచ్చటి మడి. ఆ పచ్చదనం వెనక ఎన్ని కపిలలు తిరగాలో ఈ ప్రయాణంలోనే నాకు అర్థమయింది. మాకు కాలవ తూము ఎత్తితే చాలు.

ఓబన్న భార్య నారాయణమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది. సన్నటి మనిషి, చురుకైన కళ్ళు. మొగుడి చెయ్యి ఎంత లేస్తోందో చూసి నా వైపు తిరిగి దండం పెట్టింది. రాగిసంగటి ముద్ద, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి వడ్డించింది. నాకు వడ్డించి, మొగుడి పక్కన కూర్చుని, ముద్ద చేసి అతని నోట్లో పెట్టింది. కొత్తమనిషి ముందు ఓబన్న సిగ్గుతో చచ్చిపోయాడు. ఆమె మాత్రం, "ఏడాదిగా ఇంతే అయ్యోరా, ఇంట్లో ఇంగొక పసిబిడ్డ" అని ఇంకో ముద్ద చేసింది.

ఆ సాయంత్రం చావిడికి పోయాం. ముజావరు ఖాసిం సాయిబు ముసలాయన, గడ్డం మొత్తం తెలుపు, చూపు మాత్రం తీక్షణం. ఆయన ముందు నా గోడు వెళ్ళబోసుకున్నాను. చెయ్యి లేస్తోంది, బరువు కావాలి, ఈయన దేన్నీ పట్టుకోనంటాడు, మీరే తీర్పు చెప్పండి అన్నాను.

ఆయన తిప్పుతున్న తస్‌బీ జపమాల పక్కన పెట్టాడు. ఓబన్నను పిలిచాడు.

"అరె ఓబన్నా, ఈ చెయ్యి ఎవురిది?"

"పీరుది, సాయిబూ."

"మరి పీరు కర్ర ఎవురిది?"

"అదీ పీరుదే."

"పీరు చెయ్యి పీరు కర్రను పట్టుకుంటే అది నీ పని ఎట్లయితాది బేటా?"

లోపలికి పోయి, హస్తం బిగించని ఉత్త కర్రను తెచ్చి ఓబన్న ముందు పెట్టాడు. ఓబన్న నా మొహం చూశాడు, సాయిబు మొహం చూశాడు. పచ్చబట్ట విప్పి, ఆ కర్రను పట్టుకున్నాడు. అతని చేతిలోకి ఏడాది తర్వాత వచ్చిన మొదటి వస్తువు అది.

ఆపైన మా సాధన చావిడి ముందరే. ఉత్త కర్రను ఎత్తడం, దింపడం. బరువు పెంచడం ఎలాగని నేను అడిగితే పీరుకు చుట్టే పాతబట్టలు ఉన్నాయని సాయిబు అన్నాడు. వాటిని నీళ్ళలో ముంచి కర్ర కొసకు చుట్టాం. రోజుకొక బట్ట కలిపాం. ఓబన్న తలమీద నీళ్ళు కారుతుంటే పిల్లలు చుట్టూ చేరి గోల చేసేవాళ్ళు. నొప్పి పుడితే ఆపమనేవాణ్ణి, ఆపకపోతే తిట్టేవాణ్ణి. ప్రతిసారీ బరువు దించాక మళ్ళీ చెయ్యి వేలాడేసి ఊపించేవాణ్ణి. ఊళ్ళో కొందరు ఓబన్న బదులు ఎవరు ఎత్తాలో అప్పుడే మాట్లాడుకుంటున్నారని నారాయణమ్మ చెప్పింది. చెప్పినప్పుడు ఆమె గొంతులో ఏడుపుంది.

పదోనాడు

పొద్దు వాలకముందే తప్పెట్లు మొదలయ్యాయి. చావిడి ముందు గుండంలో నిప్పులు కణకణమంటున్నాయి. సాంబ్రాణి పొగ, బెల్లం పానకం, గుండం చుట్టూ జనం. ఆడవాళ్ళు కడవలతో నీళ్ళు పట్టుకుని నిలబడ్డారు, పీరెత్తినవాళ్ళ కాళ్ళమీద పోయడానికి. చిన్నపీర్లు ముందు బయలుదేరాయి. పెద్దపీరు దగ్గర ఓబన్న ఒక్కడే నిలబడ్డాడు. జనంలో గుసగుసలు నాకు వినపడుతూనే ఉన్నాయి.

కర్ర పట్టుకున్నాడు. రొమ్ము దాకా ఎత్తాడు. అక్కడ ఆగాడు. అవ్వ కొట్టు దగ్గర ఆగింది సరిగ్గా ఇక్కడే. నాకు తెలియకుండానే నా చెయ్యి పైకి లేస్తోంది, పక్కవాడు నన్ను వింతగా చూస్తున్నాడు. "ఊపిరి వదులు, భుజం వదులు" అని గొణుగుతున్నాను. ఓబన్న కళ్ళు మూసి ఊపిరి వదిలాడు. పీరు చెవి దాటింది, తలపాగా దాటింది, నిటారుగా ఆకాశంలోకి నిలిచింది.

ఊరంతా ఒక్క గొంతుతో అరిచింది. అతను గుండం చుట్టూ తిరిగాడు. రెండో చుట్టులో గాలికి బట్టలు పక్కకు గుంజి పీరు ఊగింది. తప్పెట్లు ఆగిపోయాయి. భుజం బిగబట్టకుండా ఊపుతో పాటు వదిలి, మళ్ళీ మెల్లిగా నిలబెట్టాడు. అది నేను నేర్పిందే. నేను ఏడ్చేశాను. మనిషి అన్నవాడెవడైనా ఏడుస్తాడు.

ఏటిదాకా మోసుకుపోయి, తెచ్చి చావిడిలో దించాడు. ఎవరూ వేరే ఇంటి పేరు ఎత్తలేదు. "చూస్తిరా? ఏడాది పొడుగునా పీరుకిచ్చిన చెయ్యి! అందుకే నిలబడె!" అని అందరూ ఒకటే మాట. గోడ మీద పాకిన వేళ్ళ సంగతీ, తడిబట్టల సంగతీ ఒక్కడూ ఎత్తలేదు. కొంచెం చివుక్కుమంది, అబద్ధమెందుకు.

మర్నాటి పొద్దు

నేను మూట సర్దుకుంటుంటే ఓబన్న వచ్చాడు. తలంటుకుని తెల్ల పంచె కట్టాడు. మొహం వెలిగిపోతోంది. చేతిలో కొత్త పచ్చబట్ట.

"అయ్యోరా, నీ పుణ్యం. ఒక్క ముడి నీ చేత్తో ఎయ్యి."

బట్ట నా చేతిలో పెట్టి, కుడిచెయ్యి మడిచి రొమ్ముకు ఆనించుకుని నిలబడ్డాడు. మళ్ళీ కట్టమంటున్నాడు! మళ్ళీ ఏడాదికి!

"ఓబన్నా, మళ్ళీ బిగుసుకుంటుందయ్యా!" అని అరిచాను.

"బిగుసుకుంటే మల్ల నువ్వుండావు కదా. పోయినేడు అలిసిన చెయ్యి పెడితి, వాలె. ఈయేడు దాచిన చెయ్యి పెడితి, నిలబడె. ఇంగేం కావల్ల?"

ఇన్నాళ్ళ నా విద్యంతా అతని మొక్కు ఖాతాలో పడిపోయింది. బట్ట పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు వంటింట్లోంచి నారాయణమ్మ వచ్చింది. చేతిలో సంగటి కెలికే కట్టె, నుదుటి మీద చెమట. బట్టను చూసింది. గొంతు పెంచలేదు.

"పీరు నిన్ను నిలబెట్టమనె. నిలబెడితివి. బాగుండాది. నీ చెయ్యి పీరుకిస్తివి. నీ చెయ్యి ల్యాకుండా కపిల ఎవురు తోల్రి? నేను తోలినా. కసువు ఎవురు కోస్రి? నేను కోసినా. నీ నోట్లో కూడు ఎవురు పెట్రి? నేను పెట్టినా. నీ చెయ్యి పీరుకిస్తే నా చేతులు రెండూ నీకిస్తి. మరి నాకెవురిచ్చేది?"

ఓబన్న ఆమె అరచేతులు చూస్తూ నిలబడ్డాడు. నేనూ చూశాను. కపిల మోకు ఒరుసుకుని కాయలు కాచాయి, రెండు చోట్ల తోలు లేచిపోయింది. ఇన్నాళ్ళు అదే ఇంట్లో తింటూ ఆ చేతులు నాకెందుకు కనపడలేదో నాకే తెలియదు.

అతను నా చేతిలో బట్ట తీసుకోలేదు. ఆమె చేతిలో కట్టె తీసుకున్నాడు. కుడిచేత్తో. వంటింట్లోకి పోయి, పొయ్యి మీది కుండను కిందికి దించి, గుడ్డ చుట్టి కాళ్ళతో అదిమిపట్టి, సంగటి కెలకడం మొదలుపెట్టాడు. భుజం నొప్పికి మధ్యమధ్య మూలిగాడు. అలవాటు తప్పిన చెయ్యి కదా, ముద్దలో పిండి గడ్డలు కట్టింది.

అందరికీ అతనే వడ్డించాడు. నారాయణమ్మ నా పక్క వరసలో గోడకు ఆనుకుని కూర్చుంది. ముద్ద విరిచి, ఆవిరి ఊదుకుని, నోట్లో పెట్టుకుంది.

"ఏడాదికి ఈ పొద్దే వేడి కూడు తింటాండా అయ్యోరా," అంది. "ఈయప్పకు పెట్టి, నేను తినేసరికి నాది రోజూ సల్లారిపోయేది."

ఆమె కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. గడ్డలు కట్టిన ఆ సంగటిని ఒక్క మెతుకు వదలకుండా తిని, కంచం ముందుకు జరిపింది. ఓబన్న వంగి ఇంకో ముద్ద పెట్టాడు.